చలికాలంలో పిట్టలకు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు: ఓరుగల్లు చుట్టుపక్కల ఇళ్లకు పనికొచ్చే పద్ధతి

చలికాలంలో పిట్టలకు తిండి పెడదామని ఫోన్‌లో వెతికితే వచ్చే సలహాల్లో చాలావరకు మంచు కురిసే దేశాలవి. పశువుల కొవ్వు ముద్దలు చేసి కొమ్మలకు కట్టమంటారు, గడ్డకట్టిన నీళ్లు పగలగొట్టమంటారు. హనుమకొండలో జనవరి మధ్యాహ్నం కూడా 28, 30 డిగ్రీల ఎండ కాస్తుంది. ఆ ఎండకు కొవ్వు కరిగి కారుతుంది, తినడానికి వచ్చిన పిట్ట ఈకలకు అంటుకుంటుంది. జిడ్డు పట్టిన ఈకలు అటు తడినీ ఆపవు, ఇటు చలినీ ఆపవు. డాల్డా, నెయ్యి, నూనె కలిపిన ముద్దలదీ అదే సంగతి. ఆ సలహాలు ఆ దేశాలకు సరిపోతాయి, మనకు కాదు.

అసలు మన దగ్గర చలికాలం పిట్టలకు కరువు రోజులు కావు. కార్తీకం నాటికి వరి కోతలు మొదలవుతాయి. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల ముందు, ఊరి రోడ్ల పొడవునా వడ్లు ఆరబోసి ఉంటాయి. కోసిన మడిలో రాలిన గింజలకు గువ్వలు, పిచ్చుకలు వాలిపోతుంటాయి. మరి మనం పెట్టడం ఎందుకంటే, పట్నంలో ఆ మడి లేదు. సిమెంటు చేసిన వాకిళ్లు, గింజ రాలని అపార్ట్‌మెంట్లు. పిచ్చుక బరువు 25 నుంచి 30 గ్రాములు. ఆదిలాబాద్ వైపు రాత్రులు 10 డిగ్రీల కిందికి కూడా దిగుతుంటాయి. అలాంటి రాత్రి ఒంట్లో వేడి నిలుపుకోవడానికే అది దాచుకున్న కొవ్వులో చాలావరకు ఖర్చు పెట్టేస్తుంది. తెల్లవారగానే దానికి తిండి కావాలి. ఆ పొద్దుటి గుప్పెడు గింజలే మనం చేయగల సాయం. మనం పెట్టకపోతే అవి చావవు, మనం పెట్టిన చెడ్డ తిండి వల్ల మాత్రం చావొచ్చు. అందుకే ఎంత పెట్టామన్న దానికంటే ఏం పెట్టామన్నది ముఖ్యం.

మొదటి పని: వచ్చేదెవరో చూడండి

గింజలు కొనకముందు నాలుగైదు రోజులు పొద్దున్నే మీ మేడ మీద, పెరట్లో, ఎదురింటి చెట్టు మీద ఏ పిట్టలు వాలుతున్నాయో గమనించండి. ముక్కు చూస్తే తిండి తెలిసిపోతుంది. పిచ్చుకలకు, మునియాలనే చిన్న పిట్టలకు పొట్టి, లావు ముక్కు. అది గింజ పొట్టు ఒలిచే ముక్కు. గువ్వలు, పావురాలు గింజను ఒలవకుండా మింగేస్తాయి. రామచిలుకది గట్టి గింజలను, కాయలను చీల్చే వంకర ముక్కు. పికిలిపిట్టలు, అంటే బుల్‌బుల్‌లు, పండ్లూ పురుగులూ తింటాయి. గోరింకకు ఇది అది అని లేదు, అన్నీ కావాలి. కాకి సంగతి చెప్పక్కర్లేదు. తేనెపిట్టకు పూలు చాలు.

ఇక పాలపిట్ట, తోక చీలిన నల్ల పసులపోలిగాడు ఎక్కువగా పురుగుల మీద బతికేవి. వీటికి గిన్నెలో పెట్టేదేమీ లేదు. పెరట్లో పురుగుల మందు కొట్టడం మానేస్తే అదే వాటికి భోజనం. రాలిన ఆకులను చలిమంటకు ఊడ్చి తగలబెట్టకుండా ఓ మూల పోగేయండి. ఆ ఆకుల కింద పురుగూ పుట్రా చేరతాయి, వాటికోసం గోరింకలు, గుంపులుగా తిరిగే బూడిదరంగు పిట్టలు ఆకులు తిరగేసుకుంటూ వస్తాయి. పైసా ఖర్చు లేని పని ఇది. కానీ మన కాలనీల్లో రాలిన ఆకు కనబడితే చాలు, చెత్త అంటారు.

రెండో పని: గింజలు ఎంచుకోవడం

చిన్న ముక్కు పిట్టలకు కొర్రలు అన్నింటికంటే మంచివి. పొట్టు తీయని కొర్రలు తీసుకోండి. పొట్టుతో ఉంటే త్వరగా పాడవ్వవు, ఒలుచుకోవడం వాటికి పుట్టుకతో వచ్చిన విద్య. సామలు, సజ్జలు, నూకలు కూడా సరిపోతాయి. జొన్నలు, వడ్లు గువ్వలకూ పిచ్చుకలకూ నచ్చుతాయి. చలికాలంలో వలస వచ్చే గులాబీ గోరింకలకు జొన్న చేలంటే ప్రాణం, గుంపు దిగిందంటే రైతు గుండె గుభేల్మంటుంది. మక్కలు మన జిల్లాల్లో కావలసినన్ని దొరుకుతాయి కానీ గింజ పెద్దది, మరలో రవ్వగా పట్టించి పెడితేనే చిన్న పిట్టలు తినగలవు. పొద్దుతిరుగుడు గింజలు చిలుకలకు బాగుంటాయి, నూనె ఎక్కువ కాబట్టి చలికి బలం.

పచ్చి బియ్యం తింటే పిట్ట కడుపులో ఉబ్బి చనిపోతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది నిజం కాదు. వడ్ల చేల మీద తరతరాలుగా బతికిన పిట్టలవి. బియ్యం, నూకలు నిక్షేపంగా పెట్టొచ్చు. కాకపోతే బియ్యంలో పిండి పదార్థం తప్ప పెద్దగా ఏమీ ఉండదు, కొర్రలతో కలిపి పెడితే మేలు. పెసలు, శనగలు లాంటి పప్పుగింజలు ఎక్కువగా పావురాల పాలవుతాయి. పచ్చి రాజ్మా అసలు వద్దు, ఉడకని రాజ్మాలో విషపదార్థం ఉంటుంది.

పెట్ షాపుల్లో బర్డ్ సీడ్ పేరుతో అమ్మేది ఎక్కువగా పంజరంలోని లవ్ బర్డ్స్ కోసం కలిపిన కొర్రలు, సజ్జలే. తీసుకోవచ్చు, కానీ ప్యాకెట్ అడుగున పొడి, బూజు తీగలు ఉన్నాయేమో చూడండి. కిరాణా కొట్టులో విడిగా కొనుక్కుంటే చవక, పైగా గింజను చేత్తో పట్టి చూడొచ్చు.

మూడో పని: బూజు పరీక్ష

ఈ ఒక్క విషయంలో తొందర పడకండి. పల్లీల మీద, మక్కల మీద ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరుగుతుంది, అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం పక్షుల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతు తెలియని రోగంతో చనిపోయాయి. చివరికి తేలిందేమిటంటే, వాటికి పెట్టిన దాణాలో బ్రెజిల్ నుంచి తెచ్చిన పల్లి పిండి ఉంది, అందులో ఈ విషం ఉంది. మన పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పల్లీలో ఈ బూజును తగ్గించే పని మీద ఏళ్లుగా ఉన్నారంటే సమస్య ఎంత దగ్గరిదో అర్థం చేసుకోండి.

వేయించినా, ఎండబెట్టినా ఆ విషం పూర్తిగా పోదు. కాబట్టి ఏరి పారేయడం ఒక్కటే దారి. పల్లీలను చాటలో పలుచగా పరిచి, కిటికీ దగ్గర వెలుతురులో చూడండి. మంచి పల్లీ నిండుగా ఉంటుంది, పైపొర ఒకే రంగులో బిగువుగా ఉంటుంది. ముడుచుకుపోయినవి, పైపొర మీద నల్లమచ్చ ఉన్నవి, పురుగు తొలిచినవి తీసేయండి. రెండు బద్దలుగా విప్పితే మధ్య సందులో ఆకుపచ్చగానో, పసుపు ఆకుపచ్చగానో పొడి కనబడితే ఆ గింజ ఒక్కటే కాదు, ఆ సంచిలో వాటినన్నింటినీ అనుమానించాలి. ఏరగా మిగిలిన తాలు పల్లీలు పిట్టలకు పడేద్దాం అనుకోవడం మనకు అలవాటు. సరిగ్గా అవే పెట్టకూడనివి. మనం తినడానికి పనికిరాని పల్లీ పిట్టకూ పనికిరాదు.

మంచి పల్లీలు కూడా ఉప్పు లేనివై ఉండాలి, నలగ్గొట్టి పెట్టాలి. మిగతా గింజలకు వాసన పరీక్ష చేయండి. గుప్పెడు తీసుకుని మూసిన పిడికిట్లో నోటి ఆవిరి ఊది వాసన చూడండి. మక్కిన వాసన వస్తే వద్దు. తడి తగలని డబ్బాలో నిల్వ చేయండి, నెల రోజులకు సరిపడానే కొనండి. మంచు పడే తెల్లవారుజామున మేడ మీద మూత తీసిన డబ్బా ఉంటే రెండు మూడు రోజుల్లో గింజ తేమ పట్టేస్తుంది.

ఇవి పొరపాటున కూడా వద్దు

మన జిల్లాల్లో ప్రతి ఇంటికీ ఏదో రకంగా వ్యవసాయంతో చుట్టరికం ఉంటుంది. అందుకే ఈ ప్రమాదం ఎక్కువ. వేయగా మిగిలిన మక్క విత్తనాలు ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటే అది విత్తనశుద్ధి మందు రంగు. కడిగినా పోదు. ఆ ప్యాకెట్‌లో ఒక్క గింజ కూడా పిట్టల ముందు పడకూడదు. రెండోది ఎలుకల మందు. నూకల్లో కాస్త నూనె, జింక్ ఫాస్ఫైడ్ కలిపి పొలం గట్ల బొరియల్లో పెడతారు. అదే చాటలో, అదే గిన్నెలో తర్వాత పిట్టలకు నూకలు పెట్టొద్దు. మూడోది పురుగు పట్టకుండా బోరిక్ పౌడర్ కలిపిన బియ్యం. నాలుగోది పెళ్లిళ్లలో మిగిలిన అక్షింతలు, కుంకుమ రంగులు కలిసిన బియ్యం.

వంటింటి విషయానికొస్తే, ఉప్పే అసలు శత్రువు. పిట్ట మూత్రపిండాలు ఎక్కువ ఉప్పును బయటికి పంపలేవు. మిక్చర్, చిప్స్, సకినాలు, ఉప్పు వేసిన మరమరాలు, పచ్చడి కలిపిన అన్నం ఏవీ వద్దు. ఉప్పు వేయని తెల్లన్నం కొద్దిగా పెట్టొచ్చు. ఉదయం పెట్టినది మధ్యాహ్నానికల్లా తీసేయాలి, ఎండకు పులిసిపోతుంది. కాకికి ముద్ద పెట్టే ఇళ్లలో కూడా ఇదే వర్తిస్తుంది. బ్రెడ్‌తో కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టేదేమీ ఉండదు, బూజు పడితే విషం. పాలు వద్దు, పాలలోని చక్కెరను పక్షులు అరిగించుకోలేవు. చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, అవకాడో ప్రమాదకరం. యాపిల్ పెడితే గింజలు తీసేసి పెట్టండి.

భద్రకాళి చెరువు బండ్ మీద మరమరాలు, బ్రెడ్ ముక్కలు విసిరే సరదా కూడా మానుకుంటే మంచిది. నీళ్లలో కుళ్లిన తిండి చెరువును పాడుచేస్తుంది. పాకాలకు, ఇతర చెరువులకు వచ్చే వలస బాతులకు మన తిండి అక్కర్లేదు, వాటికి కావలసింది గోల లేని నీళ్లు.

వరి కంకుల కుచ్చు కట్టే పద్ధతి

పిచ్చుకల కోసం చూరు కింద వరి కంకుల కుచ్చు వేలాడదీయడం మన పాత అలవాటు, గుళ్లల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ప్లాస్టిక్ ఫీడర్‌లన్నింటికంటే నాకు ఇదే నచ్చుతుంది. గింజ పొట్టులోనే ఉంటుంది, నేల మీద రెట్టల్లో కలవదు, పావురాలు దానికి వేలాడలేవు.

కంకులు దొరకడమే ఇప్పుడు కష్టం. హార్వెస్టర్ కోసిన మడిలో కంకి మిగలదు. అయితే మిషన్ దిగే ముందు మడి మూలల్లో కొడవలితో చేతికోత కోస్తారు. ఆ రోజు రైతును అడిగితే రెండు పిడికిళ్లు ఇవ్వని వాళ్లుండరు. అడిగేటప్పుడే ఆఖరి మందు కొట్టి ఎన్నాళ్లయిందో కూడా కనుక్కోండి. ఈ మధ్యే కొట్టి ఉంటే వేరే మడి చూసుకోండి.

కంకులను మూరెడు కాడతో కోసుకోండి. రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే కాడ పెళుసెక్కి గింజ రాలుతుంది. కట్టే ముందు కాడల మీద మాత్రం నీళ్లు చిలకరించి ఓ పది నిమిషాలు తడిబట్టలో చుట్టి ఉంచితే అవి వంగుతాయి, విరగవు. పిడికెడు కంకులు తీసుకుని మెడలు సమానంగా సర్ది, జనపనార సుతిలితో బిగించి కట్టండి. రెండో వరుసను మొదటి కట్టు మీద కాస్త పైకి జరిపి చుట్టూ పేర్చి మళ్లీ కట్టండి. మిగిలిన కాడలను మూడు పాయలుగా జడ అల్లితే వేలాడదీయడానికి పిడి అవుతుంది. నైలాన్ దారం, చేపల వల దారం వాడొద్దు, గోళ్లకు చిక్కుకుంటే పిట్ట తల్లకిందులుగా వేలాడి చనిపోతుంది. కట్టిన తర్వాత సుతిలి కొసలు దగ్గరికి కత్తిరించండి.

చూరు కింద, మంచు తడవని చోట, పిల్లి గోడ మీంచి ఎగిరి అందుకోలేని ఎత్తులో తగిలించండి. కొత్త వస్తువు కాబట్టి మొదటి రెండు మూడు రోజులు పిచ్చుకలు దూరంగానే ఉంటాయి. తర్వాత ఒకటి వచ్చి తలకిందులుగా కంకిని పట్టుకుని, గింజను ముక్కు అంచుల మధ్య అటూ ఇటూ దొర్లించి, పొట్టు కిందికి వదిలేస్తుంది. కింద పడే పొట్టును చూస్తే పిట్టలు కుచ్చును ఎంత వాడుతున్నాయో తెలుస్తుంది. గింజ అయిపోయినా, తడిసి నల్లబడినా కుచ్చు తీసేయండి.

పండు, గుడ్డు, తేనె

చలికాలం జామకాయల కాలం. పండిన జామను అడ్డంగా కోసి కొమ్మకు గుచ్చితే పికిలిపిట్టలు, చిలుకలు వస్తాయి. బొప్పాయి, అరటి, దానిమ్మ కూడా అంతే. పెరట్లో రేగుచెట్టు ఉన్న వాళ్లు సంక్రాంతికి పండ్లన్నీ దులిపేయకుండా పై కొమ్మలవి వదిలేస్తే సరి.

ఉడికించిన గుడ్డును పొడిపొడిగా చిదిమి చెంచాడు పెడితే గోరింకలకు, పిచ్చుకలకు మంచి మాంసకృత్తులు. గుడ్డు పెంకులను మరిగించి ఎండబెట్టి పొడిచేసి వేస్తే గుడ్లు పెట్టే ఆడపిట్టలకు సున్నం దొరుకుతుంది. చిలుకలు జనవరి నుంచే గూళ్లు చూసుకుంటాయి కాబట్టి చలికాలంలోనే దీని అవసరం.

తేనెపిట్టలకు తేనె పెట్టకండి, అది పులిసి రోగాలు తెస్తుంది. రంగు కలిపిన చక్కెర నీళ్లూ వద్దు. మందార, నూరువరహాలు, కనకాంబరం కుండీల్లో ఉంటే వాటికి అంతకంటే ఏం కావాలి! ఊళ్లలో బూరుగ చెట్టు పూసే వేళకు దాని మీద ఎన్ని రకాల పిట్టలు చేరతాయో చూస్తే చక్కెర నీళ్ల సంగతి మరిచిపోతారు.

ఎప్పుడు, ఎక్కడ, ఎంత

పొద్దు పొడవగానే ఒకసారి, సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ఒకసారి. ఒక్కోసారి గుప్పెడు. అరగంటలో అయిపోవాలి. మిగిలితే రేపు తగ్గించండి. రాశులు పోస్తే వచ్చేది పావురాల దండు, రాత్రికి ఎలుకలు. పావురాల రెట్ట ఎండి దుమ్మయితే ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి, ఆస్తమా ఉన్న వాళ్ల ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. పావురాలు ఎక్కువైతే నేల మీద గింజలు ఆపేసి వేలాడే కుచ్చు ఒక్కటే ఉంచండి.

అన్నింటికంటే పెద్ద టెన్షన్ కోతులు. హనుమకొండలో మేడ మీద అరటిపండు పెట్టారంటే మరుసటి రోజు పిట్టలు కాదు, కోతుల కుటుంబం వస్తుంది, ఆ తర్వాత వంటింట్లోకీ వస్తుంది. పక్కింటి వాళ్లతో గొడవ అదనం. కోతులు తిరిగే వాడల్లో పండ్లు, పల్లీలు పూర్తిగా మానేసి, కొర్రలు మాత్రమే పలుచగా చల్లండి. ఒక్కో గింజ ఏరుకునే ఓపిక కోతికి తక్కువ.

సంక్రాంతి ముందు వెనుక వారం రోజులు మేడ మీద కాకుండా పెరట్లో, వసారాలో పెట్టండి. గాలిపటాల నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా తెగిన దారాలు చెట్లకూ తీగలకూ వేలాడుతూనే ఉంటాయి. మీ మేడ మీద కనబడినవి చుట్టి చెత్తలో వేయండి.

నీళ్లు, శుభ్రం, రోగం

మట్టి మూకుడులో రెండు అంగుళాల లోతుకు మించకుండా నీళ్లు పోసి, మధ్యలో ఓ రాయి పెట్టండి. చలికాలంలో కూడా స్నానం కావాలి, ఈకలు శుభ్రంగా ఉంటేనే వెచ్చగా ఉంటాయి. రెండు మూకుళ్లు పెట్టుకుని ఒకటి వాడుతుంటే ఒకటి ఎండలో ఆరనివ్వండి. రోజూ నీళ్లు మారిస్తే దోమల బెడద ఉండదు. వారానికోసారి ఒక వంతు బ్లీచింగ్ ద్రావణం, తొమ్మిది వంతుల నీళ్లతో కడిగి, మంచినీళ్లతో బాగా తొలిచి, వాసన పోయేదాకా ఎండబెట్టండి. గింజలు చల్లే చోటును రెండు మూడు రోజులకోసారి మార్చితే రెట్టలో గింజ కలవదు.

ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చున్న పిట్ట, కళ్లు వాచిన పిట్ట, మెడ తిప్పేస్తున్న పావురం కనబడితే రెండు వారాలు తిండీ నీళ్లూ ఆపేయండి. గుంపు చెదిరితే అంటురోగం కూడా తగ్గుతుంది. చనిపోయిన పిట్టలు ఒకటికి మించి కనిపిస్తే వట్టి చేతులతో ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, అది చలికాలంలోనే ఎక్కువగా పాకుతుంది. దగ్గర్లో అలాంటి కబురు ఉంటే, ఇంట్లో నాటుకోళ్లు ఉన్నవాళ్లు అడవి పిట్టలకు గింజలు వేయడం ఆపాలి.

అలవాటైంది కదా అని చిలుక పిల్లను పట్టి పంజరంలో పెట్టడం మాత్రం కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

ఎప్పుడు తగ్గించాలి

శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పటి నుంచి గింజలను వారం వారం సగం చేసుకుంటూ రండి, ఒక్కసారిగా ఆపకండి. గూళ్లలో పిల్లలున్న పిచ్చుకలకు పురుగులు కావాలి, ఎండు గింజలు పిల్లల గొంతు దిగవు. గింజల బదులు నీళ్ల మూకుళ్లు పెంచండి, మార్చి నుంచి వాటి అవసరమే ఎక్కువ. డబ్బాలో మిగిలిన కొర్రలు, జొన్నలను వచ్చే చలికాలానికి దాచొద్దు, ఎండాకాలంలో ముక్కపురుగు పడుతుంది. పాడవ్వకముందే ఎవరి నాటుకోళ్లకైనా వేసేయండి.